అవతలి ఒడ్డు టవరు

నిజామాబాద్,
18 నవంబర్ 2024

అన్నా,

ఫోన్ చేతిలో ఉండగా ఈ చెల్లెకు ఉత్తరాల పిచ్చి ఏమిటని నవ్వుకుంటున్నావేమో. ముందు ఆ సంగతే చెప్తాను.

కోర్టు నిన్ను జైలుకు పంపకుండా రెండేళ్ళు మా ఆఫీసు పర్యవేక్షణలో ఉంచమని చెప్పిన రోజే నేను మా ప్రొబేషన్ ఆఫీసరు ప్రేమ్ సార్ దగ్గరికి పోయి, "సార్, ఈ లిస్టులో పదిహేడో నంబరు మా అన్న మధుకర్" అని చెప్పేశాను. దాచి ఉంటే బాగుండేదని ఇక్కడి అటెండరు అన్నాడు. నాకు దాచడం రాదు. సార్ కోప్పడలేదు. "నిజం చెప్పినవ్, మంచిది. కానీ ఆయన మన లిస్టులో ఉన్నన్ని రోజులు ఫోన్ మాట్లాడొద్దు, ఆ ఇంటికి పోవద్దు, శనివారం సంతకానికి వచ్చినప్పుడు పలకరించొద్దు. ఆఫీసులో ఆయన నీకు నంబరే" అన్నారు. ఒప్పుకోకపోతే ఈ కంప్యూటర్ పని వేరేవాళ్ళకు పోతుంది. నాది కాంట్రాక్టు ఉద్యోగం, నీకు తెలుసు. ఉత్తరం రాయొద్దని మాత్రం సార్ అనలేదు. నేనూ అడగలేదు.

అన్నా, దీన్ని శిక్ష అనుకోకు. ఒకసారి తప్పు చేసినవాణ్ణి జైల్లో పెడితే ఇంకో నాలుగు తప్పులు నేర్చుకుని వస్తాడు. ఇంటి దగ్గరే ఉంచి, పని చేయించి, గట్టిగా కనిపెట్టుకుని ఉంటే మళ్ళీ ఆ దారి తొక్కడు. దీని మీద మాకు మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. నేను నోట్సు రాసుకున్నాను. ప్రతి మాటకూ నువ్వే గుర్తొచ్చావు.

షరతులు మళ్ళీ రాస్తున్నాను. ఆఫీసు ఇచ్చిన ఫోనుతో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీ ముఖం ఫోటో తీసి పంపాలి. ఎక్కడి నుంచి పంపావో దానికదే తెలుస్తుంది. జిల్లా దాటొద్దు. దాటాలంటే ముందు కాగితం పెట్టి అనుమతి తీసుకోవాలి. మహేందర్‌ను కలవొద్దు. శనివారం ఇక్కడికి వచ్చి సంతకం చేయాలి. వారానికి రెండుసార్లు సార్ ఇంటికి వస్తారు. ఏది తప్పినా మార్కులు పడతాయి. బడిలో లాగా కాదు, ఇక్కడ మార్కులు పడకూడదు. ఇరవై అయితే కాగితం కోర్టుకు పోతుంది.

ఇంకొకటి. రోజూ ఏం చేశావో డైరీ రాయాలి. నువ్వు ఆరో తరగతి దాకా చదివావు, అది చాలు. తప్పులున్నా ఫర్వాలేదు, అబద్ధం మాత్రం రాయకు. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎప్పటికైనా అదే నిన్ను కాపాడుతుంది.

నీకు జామీను నిలబడిన ఆత్మారాం కాకను అడిగానని చెప్పు. నువ్వూ మహేందరూ కోసుకుపోయింది ఆయన మోటారు వైరే. ఆయనే కోర్టుకు వచ్చి నీ కోసం వేలిముద్ర వేశాడు. ఆ మనిషి మాట నిలబెట్టు.

అవ్వ బీడీలు చుట్టేటప్పుడు నడుము కింద దిండు పెట్టుకోమను.

నీ చెల్లె,
సుకన్య


సాలూర,
24 నవంబర్

చెల్లె సుకన్యకు,

నీ ఉత్తరం పోస్టాయన నా చేతుల పెట్టి "కోర్టుదా?" అన్నడు. మా చెల్లెదంటే నమ్మలే. మన ఇంటికి ఉత్తరమంటే అదే వస్తదని ఆయన లెక్క.

నేను మంచిగున్న. కృష్ణ మేస్త్రి ముఠాల చెరుకు కొట్టపోతున్న. కాని ఈ ఫోటోతోని పరేషానైతున్న చెల్లె. మధ్యాన్నం పన్నెండు కొట్టంగనే కొడవలి పడేసి, మొఖం కడుక్కొని, ఫోన్ ముందట నిలవడాలె. మొఖం మీద చెరుకాకు గీరిన గీతలుంటే అది నన్ను గుర్తు పడ్తలేదు. "ముఖం సరిపోలడం లేదు" అంటది. ముఠాల ఆడోళ్ళు ఒక్కటే నవ్వుడు. "ఏం హీరో, షూటింగ్ అయిందా? ఇగ మాతోని జర చెరుకు కొడ్తవా?" అంటున్నరు. పెంటవ్వ అయితే నాకు దువ్వెన తెచ్చిచ్చింది.

మొన్న శనివారం సంతకానికొచ్చిన. నువ్వు కిటికీ కాడ కూసున్నవు. నీలం చున్నీ. నేను లోపటికి రాంగనే నువ్వు తల కిందికేసినవు. సంతకం పెట్టి పోయేదాక ఎత్తలే. నువ్వు చెప్పినవే, మాట్లాడొద్దని. మాట్లాడకు. కాని సూడొద్దని గూడ చెప్పిన్రా? బస్టాండు దాక నడుసుకుంట అదే సోంచాయించిన. దొంగ అన్న అని సిగ్గయితే సిగ్గని రాయి. నేనేం అనుకోను.

శనివారం రోజంత బస్సులల్లనే పోతుందని మేస్త్రి ఇగ రావద్దన్నడు. "నాకు వారంల ఆరు రోజులు వచ్చేటోడు గావాలె, నువ్వేమొ వీఐపీవి" అన్నడు. ఆత్మారాం కాక ఇన్నడు. పిలిపిచ్చి ఏమన్నడో ఎరికేనా? "అరె మధూ, నా వైరు ఎట్ల తెంపాల్నో నీకు తెలిసింది. ఇంకోడు తెంపకుంట ఎట్ల పాతిపెట్టాల్నో గూడ నీకే తెలవాలె. రేపటి సంది నా చేన్ల నీళ్ళు నువ్వే పారియ్యాలె" అన్నడు. ఆయనకు మరాఠీల తిట్టుడు అలవాటు గద, తిట్టుకుంటనే మోటరు డబ్బ తాళంచెవి ఇచ్చిండు.

డైరీ రాస్తున్న. "లేసిన. నీళ్ళు పారిచ్చిన. తిన్న. పండిన." ఇంతే అయితుంది. సాలా?

అవ్వ దిండు పెట్టుకోదు. నువ్వొచ్చి పెడితే పెట్టుకుంటదంట.

నీ అన్న,
మధుకర్


నిజామాబాద్,
1 డిసెంబర్ 2024

అన్నా,

సిగ్గు కాదు. ప్రమాణం చేసి చెప్తున్నాను, సిగ్గు కాదు. తల ఎత్తితే నీ ముఖం చూస్తాను, చూస్తే మాట వస్తుంది. నా బల్లకు ఎదురుగానే సార్ కూర్చుంటారు. అందుకే నువ్వు వచ్చే వేళకు ఒక మందపాటి రిజిస్టరు ముందేసుకుని అందులోకే చూస్తుంటాను. నీ చెప్పులు మాత్రం కనిపించాయి. ఎడమ చెప్పు తెగింది, తీగతో కుట్టుకున్నావు. ఇంకో జత కొనుక్కో.

ఇక అసలు మాట. ఈ వారం పదిహేడో నంబరు ఫోటోలు కంప్యూటర్లో ఎక్కించింది నేనే. పేరు లేకపోయినా నీ ముఖం నాకు తెలియదా? ఏడు ఫోటోలు మహారాష్ట్ర నుంచి వచ్చాయి. ఏడు, అన్నా! వంతెన దాటి బిలోలి వైపు నీకేం పని? మహేందర్ ఆ వైపే ఇనుప సామాన్ల కొట్లో తిరుగుతున్నాడని అవ్వే ఒకసారి చెప్పింది. నేను ఎంత ఆశతో ఉన్నానో నీకు అర్థమవుతుందా? శిక్షణలో మొదటి రోజే చెప్పారు, పాత స్నేహం పిలిస్తే పోతారని. నా అన్న పోడని లోపల్లోపల అనుకున్నాను.

ఒక్కోదానికి రెండు చొప్పున పద్నాలుగు మార్కులు ఒక్క వారంలోనే. కంప్యూటర్లో ఒక్కొక్కటీ కొట్టాను.

అబద్ధం చెప్పకు. పోయి ఉంటే పోయానని రాయి.

సుకన్య


సాలూర,
6 డిసెంబర్

సుకన్యకు,

నేను పోలే.

కాక చేను ఏటి ఒడ్డుకుంటదని నీకు ఎరికె లేదా? చిన్నప్పుడు నువ్వు ఆడనే రేగుపండ్లకు పోయి కాలు ఇరగ్గొట్టుకున్నవు. ఆ చేన్ల నిలవడితే మన దిక్కు టవరు అందదు. మంజీర అవతలి ఒడ్డు టవరు పట్టుకుంటది. ఫోన్ల "మహారాష్ట్రకు స్వాగతం" అని వస్తది. నేను ఈడ నీళ్ళల్ల నిలవడుంటే నా ఫోను ఆడ ఊరేగుతుంది. నేనేం జెయ్యాలె? ఫోన్‌ను కట్టేసుకోవాల్నా?

కాకకు చెప్తే పడి పడి నవ్విండు. "మంచిదే గదరా, టికెట్ లేకుంట రోజు మహారాష్ట్రకు పోయొస్తున్నవ్" అన్నడు. నాకు నవ్వు రాలే. నువ్వు గూడ అట్లనే అనుకున్నవని నవ్వు రాలే.

మహేందర్ సంగతి అడిగినవు గద. మంగళారం వాడే మన ఇంటికొచ్చిండు. నేను పిలవలే. వాకిట్ల నిలవడి "ఏంరా, ఫోటోలు దిగుతున్నవంట" అన్నడు. అవ్వ నీళ్ళిచ్చింది. ఇంటికొచ్చినోనికి నీళ్ళియ్యకుంట ఎట్లుంటది? తాగిండు. "మా ఇంటికి రాకురా, నాకు మార్కులు పడ్తయి" అన్న. పోయిండు. అది గూడ డైరీల రాసిన. ఉన్నది ఉన్నట్టు రాయుమన్నవు గద.

కొత్త చెప్పులు కొన్న.

మధుకర్


నిజామాబాద్,
15 డిసెంబర్ 2024

అన్నా,

ముందు నన్ను క్షమించు. నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, ఆ టవరు సంగతి నాకు తట్టలేదు. కంప్యూటర్ చెప్పిందని నమ్మాను, అన్న చెప్పేదాకా ఆగలేదు.

అయితే ఏడుస్తూ కూర్చోలేదు. సార్ దగ్గరికి పోయి, "పదిహేడో నంబరు ఇంటికి పోయినప్పుడు ఆ చేనుకు కూడా పోయి మీ ఫోన్ ఒకసారి చూసుకోండి సార్" అన్నాను. ఆయన బురదలో దిగారట కదా? బూట్లు కడుక్కోవడానికి ఆత్మారాం కాక బిందె ఇచ్చాడని, పైగా మరాఠీలో ఏదో అన్నాడని నవ్వుతూ చెప్పారు. సార్ ఫోనులో కూడా మహారాష్ట్ర స్వాగతం చెప్పిందట. వచ్చి వెంటనే నోటు రాశారు. ఇక పదిహేడో నంబరు ఫోటో ఆ ఒడ్డు చూపించినా ఇంట్లో ఉన్నట్టే లెక్క. నీ మీద పడినవన్నీ తీసేశారు. నేనే తీసేశాను, ఒక్కొక్కటి. అంత హాయిగా ఎప్పుడూ పని చేయలేదు.

మహేందర్ వచ్చినందుకు పడినవి మాత్రం ఉన్నాయి. అతను నీళ్ళు తాగాడు కాబట్టి కలిసినట్టే అన్నారు. నువ్వు పొమ్మన్న మాట కూడా చూపించాను. ఆ ఫారంలో దానికి గడి లేదు. దానితో పాటు ముఖం సరిపోలని ఫోటోలు, ముఠా పని పోయి రెండు రోజులు ఖాళీగా ఉన్నందుకు పడినవి కలిపి పన్నెండు. ఇంకా ఎనిమిది చేతిలో ఉన్నాయి. జాగ్రత్తగా ఉంటే రెండేళ్ళు దాటొచ్చు. ఆరు నెలలు మార్కు పడకపోతే పాతవి సగం పోతాయి కూడా.

డైరీ మానకు. సార్ నీ డైరీని మెచ్చుకున్నారు. "మిగిలినవాళ్ళందరిదీ ఒకే చేతిరాత, ఎవరితోనో రాయించుకొస్తరు. ఈయనదొక్కటే నిజం లాగుంది" అన్నారు. ఆ రోజంతా నేను నేలమీద నడవలేదు.

నీ చెల్లె,
సుకన్య


సాలూర,
19 జనవరి 2025

చెల్లె,

చానా రోజులకు రాస్తున్న. కోపం కాదు, పుర్సత్ లేకుండె.

కాకకు మంచిగ లేదు. దమ్ము వస్తలేదు. కొడుకులు లేకపాయె, బిడ్డ సుమిత్రక్క వచ్చి బిలోలి తీస్కపోయింది. పోయేటప్పుడు జీపుల కూసోని గూడ చెరుకు ముచ్చటనే. "ఈసారి కొట్టేదాక ఎండనియ్యకురా. ఎండిందంటే మొద్దు మళ్ళ చిగురెయ్యది" అన్నడు. నేను సరే కాకా అన్న. ఆయనకు వినవడిందో లేదో, జీపు నడిసింది.

ఒకసారి పోయి సూసొద్దామని కాగితం రాసిన. నిన్న శనివారం సంతకానికొచ్చినప్పుడు నీ బల్ల మీదనే పెట్టిన. సార్ లేకుండె. నువ్వు తల ఎత్తకుంటనే కాగితం తీసుకొని పక్కకున్న డబ్బాల పెట్టినవు. మంచిగ యాక్టింగ్ చేస్తున్నవు, సినిమాలల్ల పోవచ్చు. నేను మన్సుల నవ్వుకున్న. నీ చేతికే ఇచ్చిన గద, ఇగ ఫికర్ లేదనుకున్న.

జల్ది ఇప్పియ్యి. కాక ఎక్కువ రోజులుండడని అవ్వ అంటుంది.

మధుకర్


నిజామాబాద్,
24 జనవరి 2025

అన్నా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. చదవగానే రూము నుంచి మళ్ళీ ఆఫీసుకు పరుగెత్తాను. తాళం వేసి ఉంది. పొద్దున అటెండరు కంటే ముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

నీ కాగితం ఆ డబ్బాలోనే ఉంది. వారం సంతకాల ఫారాల కింద, మడత కూడా విప్పకుండా. అన్నా, నేను చూడలేదు. నువ్వు వచ్చావని తెలిసి రిజిస్టరులో తల పెట్టాను. ఏదో కాగితం చేతికి తగిలితే ఎప్పటి ఫారమే అనుకున్నాను. నువ్వు యాక్టింగ్ అనుకున్నావు. యాక్టింగ్ కాదు, నిజంగానే చూడలేదు. ఆరు రోజులు అది నా మోచేతి పక్కనే ఉంది.

సార్ రాగానే చేతిలో పెట్టి నిలబడ్డాను. వెంటనే సంతకం చేశారు. ఈ రోజు నుంచి వారం రోజులు నువ్వు బిలోలి పోయి రావచ్చు. ఆర్డరు నకలు ఇందులో పెడుతున్నాను. వంతెన దగ్గర ఎవరైనా అడిగితే చూపించు. పైన 24 అని తేదీ ఉంది చూడు, దానికి ముందు మాత్రం పోకూడదు. అయినా ఇది అందేసరికి ఎలాగూ 24 దాటిపోతుంది కదా.

కాకకు పండ్లు తీసుకుపో. నా తప్పు వల్ల ఆలస్యమైందని ఆయనకు చెప్పు. తిడతాడు, తిట్టనీ.

నీ చెల్లె


సాలూర,
27 జనవరి

చెల్లె,

ఆర్డర్ అందింది. కాక మంగళారం నాడే పోయిండు.

సావు ఆడనే చేసిన్రు, ఏటి అవతలి ఒడ్డు మీద. నేను ఈ ఒడ్డున చేన్ల నిలవడి పొగ సూసిన. పర్మిషన్ లేదు గద. ఫోన్ చేతుల పట్టుకొని ఫోటో దిగిన. అదేమొ నేను ఆడనే ఉన్ననని రాసుకుంది. ఉన్నోళ్ళ లెక్కల అట్లన్న ఉన్న.

గురువారం, ఇరవై మూడు, మూడోనాడు పిట్టకు పెట్టిన్రు. ఆయనకు ఇష్టమైనయన్ని ఆకుల పెట్టిన్రంట. జొన్న రొట్టె, పల్లీల పచ్చడి, బెల్లం. పిట్ట వస్తలేదు. ఒక్కొక్కలు ముందుకొచ్చి మొక్కుతున్నరు. సుమిత్రక్క "బాపూ, నేను మంచిగనే ఉంట" అన్నదంట. అల్లుడు "అత్తను నేను సూసుకుంట" అన్నడంట. కాకులు చెట్టు మీద కూసోని సూస్తున్నయంట గని ఒక్కటి దిగుతలేదు. పొద్దు నెత్తిమీదికొచ్చింది. అప్పుడు వెంకటవ్వ అనెటామె, కాక చెల్లె, "ఆని పానం ఆ చెరుకు కాడ ఉన్నది, నీళ్ళు పారిచ్చెటోన్ని పిలువుండ్రి" అన్నది. అల్లుడు బండేసుకొని వచ్చిండు. నేను చేన్లనే ఉన్న. "రావన్నా, అందరు ఉపాసమున్నరు" అన్నడు. నాకు పర్మిషన్ లేదన్న. అతను బండి బంద్ చెయ్యకుంట ఆడనే నిలవడ్డడు. చేన్లకు బువ్వ తెచ్చిన మన అవ్వ "పో బిడ్డా" అన్నది.

పోయిన. దండం పెట్టి "కాకా, చెరుకు కొట్టేదాక నీళ్ళు ఆగనియ్య" అన్న. ఇంత మాటనే. ఒక కాకి దిగి రొట్టె ముక్క నోట్ల పెట్టుకొని పోయింది. అందరు ఏడ్సిన్రు. నేను గంటల మళ్ళొచ్చిన. మధ్యాన్నం ఫోటో గూడ ఆడికెళ్ళే పంపిన.

ఫోను ఎప్పుడు అదే ఒడ్డు సూపిస్తది గద, సార్ నోటు గూడ ఉన్నది. ఎవ్వలకు తెల్వదు. కాని ఆ దినం డైరీల ఏం రాయాల్నని చానాసేపు కూసున్న. "నీళ్ళు పారిచ్చిన" అని రాస్తే అయిపోవు. మల్ల నీ మాట యాదికొచ్చింది. రాసిన. "23 తారీకు. వంతెన దాటిన. కాకకు పిట్ట ముట్టలేదని పోయిన. గంటల వచ్చిన."

నువ్వు చెప్పినట్టే చేసిన గద?

నీ అన్న,
మధుకర్


నిజామాబాద్,
3 ఫిబ్రవరి 2025

అన్నా,

శనివారం నీ డైరీ నా బల్ల మీదికి వచ్చింది. ఆ రోజు తల ఎత్తాను. నువ్వు చూశావు. నవ్వావు కూడా.

నీకు చెప్పకుండా ఉండలేను. ఆ పేజీ ముందు పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. ఆర్డరు తేదీ 24. నువ్వు రాసింది 23. కీబోర్డు మీద మూడుకూ నాలుగుకూ మధ్య చిటికెన వేలంత దూరం కూడా లేదు. నాలుగు కొట్టి ఉంటే అడిగేవాళ్ళు లేరు.

సార్ దగ్గరికి పోయాను. మొత్తం చెప్పాను, కాగితం నా డబ్బాలో ఆగిపోయిన సంగతి కూడా. ఆయన పేజీ రెండుసార్లు చదివారు. "నేనేం చెయ్యనమ్మా? ఆయన చేతిరాత ఇది. తేదీ మార్చితే రేపు ఆ డైరీ మొత్తం అబద్ధమైతది. ఉన్నది కొట్టు, కింద కారణం నేను రాస్తా. జడ్జి గారు చదువుతరు" అన్నారు. నేను నమ్మాను. మూడు కొట్టాను, అన్నా. నేనే కొట్టాను.

అనుమతి లేకుండా జిల్లా దాటితే ఐదు. పన్నెండూ ఐదూ పదిహేడు. అక్కడితో ఆగుతుందనుకున్నాను. కానీ కాక పోయాడు కదా, జామీను కూడా ఆయనతోనే పోయింది. వారంలో కొత్త జామీను చూపించకపోతే మూడు. నేను నిలబడతానంటే ఆఫీసు మనిషి పనికిరాదన్నారు. అవ్వ పేరు మీద భూమి లేదు. నేను సెలవు పెట్టి మాక్లూర్ పోయి మేనమామను అడిగాను. మంచంలోంచి లేవకుండానే, "వైరు పోయినోడే జామీను ఉన్నడు, ఇంక మేమెందుకమ్మా" అన్నాడు. మొదట నాకు అర్థం కాలేదు. వైరు పోయినోడు చచ్చిపోయాడు మామా అన్నాను. "అదే అంటున్న, జామీను ఉండి ఆయనకేం మిగిలింది" అన్నాడు.

పదిహేడో తేదీ కోర్టు. సార్ కారణం రాశారు. నేను చదివాను, రెండు లైన్లు. పిట్ట సంగతి అందులో లేదు. "బంధువుల కర్మకాండ" అని ఉంది. కాక మన బంధువు కాదని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

సుకన్య


సాలూర,
9 ఫిబ్రవరి

సుకన్యా,

సార్ వచ్చి చెప్పిండు, ఇరవై అయినయని.

నేను కాగితం పెడితే నీ కండ్లకు ఆనలే. నేను తారీకు రాస్తే మంచిగ ఆనింది.

ఇగ రాయకు.


నిజామాబాద్,
24 ఫిబ్రవరి 2025

అన్నా,

రాయొద్దన్నావు. జైలు చిరునామాకు పంపే ఉత్తరం విప్పి చదివి ఇస్తారట. అందుకని నా గురించి ఎక్కువ రాయను.

కోర్టులో నేను వెనక వరసలో ఉన్నాను. జడ్జి గారు రెండు లైన్లూ చదివారు. "పోయే ముందు అనుమతి అడగాలి కదా" అన్నారు. నువ్వు "అడిగిన సార్" అన్నావు. "ఎప్పుడు?" అన్నారు. నువ్వు నా వైపు చూడలేదు. "యాదికి లేదు సార్" అన్నావు. నేను లేచి నిలబడ్డాను. పక్కనున్న కానిస్టేబుల్ కూర్చోమన్నాడు. తర్వాత ప్రేమ్ సార్‌తో చెప్పించాను. ఆర్డరు అప్పటికే రాసేశారు. ఆరు నెలలు.

నెలాఖరు నివేదిక నేనే తయారు చేశాను. అందులో ఒక గడి ఉంది, "మళ్ళీ నేరం చేశారా?" అని. పదిహేడో నంబరుకు "లేదు" అని కొట్టాను. ఇంకో గడి, "పర్యవేక్షణ ఫలితం". అందులో "విఫలం" అని కొడితేనే కంప్యూటర్ ముందుకు పోతుంది. రెండు గడులూ పక్కపక్కనే ఉన్నాయి. సార్‌కు చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పంపమ్మా" అన్నారు.

పదిహేడో నంబరు మూసేశారు కాబట్టి నేను ఇంటికి పోవడానికి అడ్డం లేదన్నారు. నిన్న ఆదివారం పోయాను. అవ్వ నడుము కింద దిండు పెట్టాను. ఉంచుకుంది. తర్వాత చేనుకు పోయాను. నువ్వు పోయి వారమైంది కదా, గట్టు పక్క సాళ్ళలో మన్ను నెర్రెలు బాసింది. మోటారు డబ్బా తాళంచెవి అవ్వ కొంగున ఉంది. బటన్ నొక్కాను. నీళ్ళు వచ్చేదాకా భయమేసింది. వచ్చాయి. కానీ నాలుగో సాలు దాటగానే ఒడ్డు తెగి నీళ్ళన్నీ పక్కవాళ్ళ వరిలోకి పోయాయి. మన్ను వేస్తే మళ్ళీ తెగింది. రెండు గంటలు అదే పని. చీకటి పడకముందే బస్సు అందుకోవాలి కదా, సగం చేనే పారింది.

సుమిత్రక్క మార్చి చివరికి కొట్టిస్తానంటోంది. అప్పటిదాకా ప్రతి ఆదివారం నేను పోతాను. అంతకంటే నాకేమీ చేతకావడం లేదు. ఆ ఒడ్డు ఎట్లా ఆపాలో ఒక్క ముక్క రాయి. ఇంకేమీ రాయకపోయినా సరే.

నీళ్ళు పారుతున్నప్పుడు ఫోటో తీశాను. నువ్వు నమ్మడానికి. దాన్ని లోపలికి ఎట్లా పంపాలో కనుక్కుంటున్నాను.

సుకన్య


జిల్లా జైలు,
5 మార్చి

చెల్లె,

నాలుగో సాలు కాడ ఎండ్రకాయ బొక్కలున్నయి. మన్నేస్తే ఆగది. చెరుకాకు ముద్దగ చుట్టి బొక్కల దోపి, దాని మీద మన్నేసి కాలుతోని తొక్కు. ముందు దూరంది పారియ్యి, తర్వాత దగ్గరిది. మోటరు బంద్ చేసినంక డబ్బ తాళం రెండుసార్లు గుంజి సూడు, ఒక్కసారికి పడదు.

చెప్పులు ఇడిసి దిగకు. గాజు పెంకులుంటయి, గట్టు పొంటి నడువు.

అవ్వను అడిగిన్నని చెప్పు.

ఫోటో పంపకు. నువ్వు పారిచ్చిన్నంటే సాలు.

నీ అన్న,
మధుకర్